గోధుమపాల హల్వా: మాడుగుల పద్ధతా, బందరు పద్ధతా?

విశాఖలో హల్వా అంటే మాడుగులదే. పాడేరు కొండల దిగువనున్న ఆ ఊరు 2022లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్లినా, ఆ రుచిని నగరం ఇంకా తనదనే అనుకుంటుంది. బందరు పేరు చెబితే మాత్రం మనవాళ్లకు లడ్డూయే గుర్తొస్తుంది, అక్కడి నల్ల హల్వా సంగతి ఇటువైపు తక్కువమందికి తెలుసు. రెండింటికీ మూలం గోధుమపాలే. మాడుగులది పంచదారతో, బందరు నల్ల హల్వా బెల్లంతో. తేడా అంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

ముందు పాల సంగతి. ఇది చెడితే ఏ పద్ధతైనా ఒకటే. పావు కిలో గోధుమలు (పిండి కాదు, గింజలే) కడిగి మూడు రోజులు నానబెట్టాలి. నీళ్లు రోజుకోసారి మార్చాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఉక్కకు ఇవి తొందరగా పులుస్తాయి కాబట్టి రెండుసార్లు మార్చి, రెండో రోజుకే రుబ్బేయండి. గింజ నొక్కితే తెల్లటి పాలు రావాలి. మెత్తగా రుబ్బి, నీళ్లు పోస్తూ మూడుసార్లు పిండి, పలచటి గుడ్డలో వడకట్టాలి. పిప్పి కలిస్తే హల్వా ఇసుకలా తగులుతుంది. రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున పైన తేరిన నీళ్లు వంచేసి, అడుగున మిగిలిన చిక్కటి పాలు తీసుకోవాలి.

మాడుగుల తరహాకు పంచదార అర కిలో, నెయ్యి పావు కిలో పైచిలుకు. పంచదార లేత తీగపాకం రాగానే నాలుగు చుక్కల నిమ్మరసం వేయండి, చల్లారాక పంచదార మళ్లీ పలుకులు కట్టదు. చిక్కటి పాలలో రెండు గ్లాసుల నీళ్లు కలిపి, సన్న మంట మీద కలుపుతూ ధారగా పోయాలి. పలచన చేయకుండా పోస్తే క్షణంలో ఉండలు కడతాయి. ముద్ద చిక్కబడి మెరుపు వచ్చాకే నెయ్యి మొదలుపెట్టాలి, అదీ రెండేసి చెంచాలు, ముందు వేసింది పూర్తిగా ఇంకాక. గంట పైనే పడుతుంది. తెల్లటి ముద్ద తేనెరంగుకు, అక్కడి నుంచి గోధుమరంగుకు తిరుగుతుంది. తాగిన నెయ్యిని అంచుల దగ్గర వదలడం మొదలవగానే జీడిపప్పు, బాదం వేసి దించాలి. ఇంకా ఉడికిస్తే రబ్బరులా సాగుతుంది.

నల్ల హల్వాకు అర కిలో బెల్లం. కరిగించి తప్పకుండా వడకట్టాలి. బాగా తెల్లగా మెరిసే బెల్లం వద్దు, దానిలో రంగు తేల్చే రసాయనం హైడ్రోస్ కలిపి ఉండొచ్చు. అనకాపల్లి బెల్లంలో ముదురు రంగుది అడిగి తెచ్చుకోండి. పాకం పట్టనక్కర్లేదు, బెల్లం నీళ్లలోనే పాలు కలిపేయొచ్చు. పలుకు కట్టే భయం కూడా దాదాపు ఉండదు. కానీ త్వరగా అడుగంటుతుంది, మందపాటి మూకుడు లేకపోతే మొదలుపెట్టొద్దు. రంగు మొదటి నుంచీ ముదురే కాబట్టి ఉడికిందో లేదో కంటికి తెలియదు. చిటికెడు చల్లార్చి ఉండ చేసి చూడాలి: వేలికి అంటితే ఇంకా ఉడకాలి.

అందుకే మొదటిసారి చేసేవారికి మాడుగుల పద్ధతే మేలు, ఎక్కడున్నామో రంగే చెబుతుంది. దూరప్రయాణానికీ అదే. బెల్లం గాలిలోని తేమను లాగుతుంది, సముద్రపు గాలికి నల్ల హల్వా నాలుగైదు రోజుల్లో జిగురుగా మారుతుంది. రుచి మాటకొస్తే నా ఓటు నల్ల హల్వాకే. పంచదార హల్వా రెండు ముక్కలకే మొహం మొత్తుతుంది, బెల్లంలోని కమ్మటి ఘాటు మూడో ముక్క కూడా అడుగుతుంది.

కొనుక్కునేవారు మాత్రం ముక్కను వేళ్లతో లాగి చూడాలి. అద్దంలా అవతల కనిపిస్తూ రబ్బరులా సాగితే అది మొక్కజొన్న పిండిది కావచ్చు.