జిమ్నీకి రెండు అంగుళాల లిఫ్ట్, 235 టైర్లు: రెండేళ్ళ వాడకం తరువాత

మారుతి జిమ్నీలాంటి జీపుల ఎత్తు పెంచడానికి తక్కువ ధరకు దొరికే లిఫ్ట్ కిట్ పెట్టెలో నాలుగు స్ప్రింగులు, నాలుగు షాక్ అబ్జార్బర్లు ఉంటాయి గాని, బండి ఎత్తు పెరిగినందువల్ల ముందు ఇరుసు వాలులో వచ్చే తేడాను సరిచేసే సామాను ఉండదు. ఈ ఒక్క మాట ముందుగా ఎవరైనా చెప్పి ఉంటే నాకు నెల రోజుల భయం, ముప్ఫై వేల రూపాయల దాకా అనుకోని ఖర్చు తప్పేవి. 2024 జనవరిలో మా జిమ్నీకి రెండు అంగుళాల లిఫ్ట్ చేయించి, కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్15 టైర్లు తీసి, మట్టి దారులకూ పనికొచ్చే 235/75 ఆర్15 ఆల్ టెర్రైన్ టైర్లు వేయించాను (మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో). ఆ తరువాత మీటరు మీద 31 వేల కిలోమీటర్లు తిరిగాను.

ఇదంతా చేయించింది మా తోట దారి కోసం. గోకవరం దాటాక మెట్టలో మాకు జీడిమామిడి తోట ఉంది. తారు రోడ్డు దిగాక మూడు కిలోమీటర్లు ఎర్రమట్టి బాట. వానాకాలమంతా ట్రాక్టర్లు తిరిగి రెండు పక్కలా లోతుగా గాడులు పడతాయి, నడుమ మిట్ట మిగులుతుంది. ఎండలు ముదిరేసరికి ఆ మిట్ట రాయిలా గట్టిపడుతుంది. ట్రాక్టరుకు అడుగున ఖాళీ ఎక్కువ కాబట్టి దానికి ఇబ్బంది లేదు. మా బండికి మాత్రం ఇరుసు మధ్యనున్న ఉబ్బెత్తు గేర్ల పెట్టె (డిఫరెన్షియల్ హౌసింగ్) మిట్టను గీరుకుంటూ పోయేది. కాళ్ళ కింద ఆ గరగర వినిపించినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది.

లిఫ్ట్ చేయిస్తే ఆ గీరుడు పోతుందని నమ్మాను, వర్క్‌షాపులోనూ అదే చెప్పారు. అది నిజం కాదు. జిమ్నీకి ముందూ వెనుకా చక్రాన్నీ చక్రాన్నీ కలిపే గట్టి ఇరుసులే ఉన్నాయి, స్ప్రింగులు వాటి మీద నిలబడి బాడీని మోస్తాయి. స్ప్రింగు పొడవు ఎంత పెంచినా పైకి లేచేది బాడీయే, ఇరుసు ఉన్నచోటనే ఉంటుంది. ఇరుసును లేపగలిగింది టైరు ఒక్కటే. పాత టైరు వ్యాసం 693 మిల్లీమీటర్లు, కొత్తదానిది 733. అందులో సగం, అంటే ఇరవై మిల్లీమీటర్లు ఇరుసు కిందికి కలిసివస్తుంది. కంపెనీ చెప్పిన 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ 230 అయిందంటే ఆ పుణ్యం పూర్తిగా టైర్లదే. ఇరవై మిల్లీమీటర్లు రెండు వేళ్ళ మందం కూడా లేదు గాని, మా బాటలో తేడా అంతా అక్కడే వచ్చింది. మొదటి వారం తోటకు వెళ్ళినప్పుడు గరగర వినిపిస్తుందని చెవులు రిక్కించి నడిపాను, గేటు దాకా వినిపించలేదు. ఆ రోజు పొందిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

లిఫ్ట్ వల్ల అసలు లాభమే లేదని అనను. ఇంత పెద్ద టైరు మడ్గార్డులో పట్టడానికి ఖాళీ కావాలి, అది లిఫ్ట్ ఇచ్చింది. ఐదు తలుపుల జిమ్నీ చక్రాల నడుమ దూరం 2590 మిల్లీమీటర్లు కావడంతో బండి పొట్ట గట్ల మీద ఆనుకోవడం దీనికి పుట్టుకతో వచ్చిన బలహీనత. కంపెనీ లెక్కలో ముందు బంపరు తగలకుండా ఎక్కగల కోణం 36 డిగ్రీలైతే, పొట్ట ఆనకుండా గట్టు దాటగల కోణం 24 డిగ్రీలే. తోటలోకి దిగేచోట ఉన్న కాలువ గట్టు మీద ఇప్పుడు పొట్ట తగలడం లేదు.

ఇక ఆ ముందు ఇరుసు సంగతి. లిఫ్ట్ చేయించిన మూడో వారంలో, సాయంత్రం పూట, మా బావమరిది పక్కన కూర్చొని ఉండగా రాజమహేంద్రవరం వైపు వస్తున్నాను. కోరుకొండ దాటాక ఒక కల్వర్టు అంచున తారు లేచిపోయిన చోట ఎడమ చక్రం పడింది. మీటరు మీద వేగం 75. చక్రం గుంతలోనుంచి పైకి రాగానే స్టీరింగ్ నా చేతుల్లో అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. క్షణంలో అది బండి మొత్తానికి పాకింది. డాష్‌బోర్డు మీది సెల్‌ఫోన్ ఎగిరి పడింది, అద్దంలో వెనుక దారి కనిపించడం మానేసింది. గట్టిగా పట్టుకున్నకొద్దీ ఊపు పెరుగుతున్నట్టు అనిపించింది. బ్రేకు నెమ్మదిగా నొక్కుతూ నలభైకి తెచ్చాక గాని అది ఆగలేదు. పక్కకు తీసి ఆపాం. ఇద్దరం కిందికి దిగి, చక్రం ఊడిపోతున్నదేమోనని నట్లు ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూశాం. అన్నీ బిగువుగానే ఉన్నాయి.

లిఫ్ట్ వేసిన వర్క్‌షాపుకు నాలుగుసార్లు తిరిగాను. మూడుసార్లు బేలన్సింగ్ చేశారు, ముందు టైర్లు వెనక్కి, వెనుకవి ముందుకు మార్చారు, చివరికి తప్పు టైర్లదేనన్నారు. ప్రతిసారీ పది రోజులు బాగానే ఉండి, మళ్ళీ ఏదో గుంతలో మొదలయ్యేది. నెల గడిచాక తెలిసినవారు చెప్పగా కాకినాడలో పాత మారుతి జిప్సీ జీపుల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఒక పెద్ద మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన బండి కిందికి దూరేముందే అలైన్‌మెంట్ చీటీ ఉందా అని అడిగారు. డాష్‌బోర్డు అరలో మొదటి రోజు ఇచ్చిన చీటీ మడత విప్పకుండా ఉంది. ఆయన దాన్ని బోనెట్ మీద పరచి, ఎర్ర అక్షరాల్లో అచ్చయిన ఒక అంకె మీద వేలు పెట్టారు. "ఎత్తయితే పెంచారండీ, క్యాస్టర్ సరిచేయలేదు. చీటీలో మొదటి రోజే పడింది, ఎవరూ చూసుకోలేదు" అన్నారు.

సైకిలు ముందు ఫోర్కు నిట్టనిలువుగా కాకుండా వాలుగా ఉంటుంది, హ్యాండిల్ వదిలినా కాసేపు నేరుగా పోవడానికి అది తోడ్పడుతుంది. కారు ముందు చక్రాలకు ఉన్న ఆ వాలునే క్యాస్టర్ అంటారు. జిమ్నీ ముందు ఇరుసును రెండు ఆర్మ్‌లు పట్టి ఉంచుతాయి, వాటి రెండో కొసలు ఇరుసుకు వెనుక ఛాసిస్‌కు బిగించి ఉంటాయి. ఛాసిస్ పైకి లేస్తే ఆ కొసలు కూడా లేచి, ఇరుసు ముందుకు మెలిపడి వాలు తగ్గిపోతుంది. నా చీటీలో ఉన్నది కంపెనీ చెప్పినదానిలో సగం కూడా లేదు. మామూలు అలైన్‌మెంట్‌లో ఈ బండికి సరిచేయగలిగింది టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే కాబట్టి, వాళ్ళు అది సరిచేసి పంపించారు. వాలు తగ్గిన ఇరుసుకు బరువైన టైరు తోడైతే చిన్న గుంత చాలు, ఊపు మొదలవుతుంది. ఇరుసును అడ్డంగా పట్టి ఉంచే ప్యాన్‌హార్డ్ రాడ్డు కూడా పాత పొడవుదే కావడంతో, ఎత్తు పెరిగాక ఇరుసు ఒక పక్కకు జరిగి ఉంది.

ఆర్మ్‌లలోని పాత బుష్‌లు (కీళ్ళలోని రబ్బరు తొడుగులు) ప్రెస్సు మీద తీసి, తగ్గిన వాలు తిరిగి వచ్చేలా నడిమి రంధ్రం పక్కకు జరిపి చేసిన ఆఫ్‌సెట్ బుష్‌లు దించారు. పొడవు సరిచేసుకునే ప్యాన్‌హార్డ్ రాడ్డు వేశారు, కింగ్‌పిన్ బేరింగుల (ముందు చక్రాలు పక్కలకు తిరిగే కీలు దగ్గరివి) బిగువు చూశారు. హెడ్‌లైట్లు దించి, ఎదుటివారి కళ్ళలో పడకుండా చేసిందీ ఆయనే. కిట్ 24 వేలు, టైర్లు స్టెప్నీతో కలిపి 48 వేలు, ఈ మరమ్మతు 28 వేలు. అప్పటినుంచి బండి ఒక్కసారి కూడా ఊగలేదు. అయితే బుష్‌లు అరిగితే మళ్ళీ రావచ్చని ఆయన ముందే చెప్పారు, ఇప్పుడు చలికాలం ఉదయాల్లో అవి కిర్రుమంటున్నాయి.

టైర్ల గురించి పైన రాసిన మెప్పుకు కొంత కోత వేయాలి. మారేడుమిల్లి దగ్గరి గుడిస కొండ ఎక్కేటప్పుడు గాలి 18 పీఎస్‌ఐకి దించితే వాటి పట్టు అద్భుతమే గాని, మారేడుమిల్లి ఘాట్‌లో పాత టైర్లతో మూడో గేరులో ఎక్కిన మలుపులు ఇప్పుడు రెండో గేరు అడుగుతున్నాయి. 134 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న ఇంజనుకు ఇది తేలిక బరువు కాదు. బ్రేకు కొంచెం ముందుగా నొక్కాల్సి వస్తోంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు ముందు బంపరు లోపలి అంచును రాసుకుంటుంది. పెద్ద టైరు ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది కాబట్టి మీటరు 80 చూపితే అసలు వేగం 84కు పైనే. లీటరుకు పద్నాలుగున్నర వచ్చే మైలేజీ మీటరు లెక్కన 11.3, తేడా సరిచేస్తే 12.

వర్క్‌షాపుల్లో చెప్పని ఇంకొక సంగతి ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నమైన మార్పులను ఒప్పుకోవు. స్టీరింగ్ భాగాలకు వారంటీ వర్తించదని నాకు సర్వీసు సెంటరులో చెప్పారు. పాత స్ప్రింగులు, టైర్లు అందుకే అమ్మకుండా గోనెసంచుల్లో దాచాను.

మా బావమరిది జిమ్నీకి లిఫ్ట్ లేదు, 215/75 ఆర్15 టైర్లు మాత్రం వేయించాడు. వాటితో ఇరుసు లేచేది ఐదు మిల్లీమీటర్లే. ఆ బండి నా వెనుకే గుడిస ఎక్కింది. కాలువ గట్టు దగ్గర పొట్ట ఒకసారి ఆనింది, ఎండాకాలంలో మా మిట్ట మీద గీరుకుంది, అంతే. ఏడాదికి రెండుసార్లు కొండలకు వెళ్ళేవారికి అతని దారే సరిపోతుందని నా అభిప్రాయం. వారానికి రెండుసార్లు ట్రాక్టరు గాడుల్లో తిరిగే నాబోటివారికి 235 టైర్లు అవసరమే. లిఫ్ట్ మాత్రం క్యాస్టర్ బుష్‌లు, ప్యాన్‌హార్డ్ రాడ్డు ఖర్చు కలిపి లెక్క వేసుకున్నాకే చేయించుకోవాలి, ఆ రెండూ అదే రోజు వేసే చోటనే చేయించుకోవాలి.

ఇప్పుడున్న టైర్లు సగానికి అరిగాయి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఈ ఎత్తు ఎక్కలేక ప్రతిసారీ పీట వేయించుకుంటోంది. మా తోట దారికి కంకర పోస్తామని పంచాయతీవారు అంటున్నారు. ఆ పని జరిగితే వచ్చే జతకు 215 వేయించి, గోనెసంచుల్లోని పాత స్ప్రింగులు మళ్ళీ బిగించాలని ఉంది. కంకర పడకపోతే మాత్రం మళ్ళీ 235లే కొంటాను.