జాగ్రత్త: సీసా అసలుదే, లోపలున్న రమ్ అసలుది కాదు

రాయడానికి కూర్చుంటే ఇంకా ఒళ్లు మండిపోతోంది. అయినా ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను, ఎందుకంటే ఆయన మళ్లీ ఒక కరోని సీసా (ఎప్పుడో మూతపడ్డ డిస్టిలరీ రమ్) అమ్మకానికి పెట్టాడని ఇందాకే తెలిసింది. ఎవరి గురించి అంటున్నానో సిప్పింగ్ రమ్, అంటే నెమ్మదిగా చప్పరిస్తూ తాగే రమ్, మీద ఇష్టం ఉన్నవాళ్లలో చాలామందికి విడమరిచి చెప్పక్కర్లేదు. దొరకని సీసాలు తెప్పించి అమ్ముతాడు, టేస్టింగ్‌లు పెడతాడు, అందరినీ తమ్ముడూ అని పిలుస్తాడు. పేరు రాయను.

నేను కొన్నది జమైకాలోని హ్యాంప్డెన్ ఎస్టేట్ వాళ్ల ఘాటైన రమ్, ఓవర్‌ప్రూఫ్. లేబుల్ మీద ఆల్కహాల్ 60 శాతం. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నాడు. సీసా వచ్చింది, మూత దగ్గర సీల్ ఒకచోట ముడత పడి ఉంది, రవాణాలో నలిగిందన్నాడు. సరే, అసలు సంగతికి వస్తాను.

రమ్‌కి కొత్తగా వచ్చిన ఇద్దరు స్నేహితుల కోసం తెప్పించాను. ముందు బార్బడోస్ నుంచి ఫోర్‌స్క్వేర్, తర్వాత జమైకా నుంచి ఆపిల్టన్ 12, చివర్లో హ్యాంప్డెన్ పక్కపక్కన పెట్టి చూపించాలని నా ఆశ. ఈ వరస ముఖ్యం. ఫోర్‌స్క్వేర్‌లో పాట్ స్టిల్ (విడతలుగా కాచే కుండ), కాలమ్ స్టిల్ (ఆగకుండా కాచే పొడవాటి గొట్టం) రెండింటి రమ్మూ కలిసి నెమ్మదిగా విచ్చుకుంటుంది. ఆపిల్టన్‌లో జమైకా వాసన తొంగి చూస్తుంది. హ్యాంప్డెన్ ముందు పోశామంటే మిగతా రెండూ నీళ్లలా అనిపిస్తాయి.

హ్యాంప్డెన్ ఒక్కసారి తాగినవాళ్లు దాన్ని మర్చిపోరు. బిరడా తీసీ తీయగానే బాగా మాగిన అరటిపండు, అనాస, వాటి వెనకాలే గోళ్లరంగు తుడిచే ద్రవంలాంటి ఘాటు ముక్కుకి తగులుతుంది. ఆ ఘాటు ఊరికే రాదు. అక్కడ ఈస్ట్ కొనుక్కొచ్చి వేయరు, చుట్టూ గాలిలో, చెక్క తొట్లలో ఉన్నదే పని చేస్తుంది. రోజుల తరబడి పులియనిస్తారు, కాచగా స్టిల్‌లో మిగిలిన ద్రవాన్ని, అంటే డండర్‌ని, మళ్లీ వాడతారు, పాట్ స్టిల్‌లోనే కాస్తారు. వాళ్ల రమ్ రకాల్లో డీఓకే అనే మార్కులో 100 లీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్‌కి ఈస్టర్లు (ఆ పండ్ల వాసన, ఘాటు ఇచ్చే పదార్థాలు) 1500 గ్రాములకు పైనే ఉంటాయి. ఓవర్‌ప్రూఫ్‌లో అంత ఉండదు, కానీ ఆ కుటుంబపు వాసన దాగదు. ఎంతోకాలం వేరేవాళ్ల బ్లెండ్‌లకే రమ్ పంపిన ఈ డిస్టిలరీ, పీపాల్లో మాగిన సరుకును తన సొంత పేరుతో అమ్మడం 2018లోనే మొదలుపెట్టింది. అందుకే ఈ సీసా అంటే నాకంత ప్రాణం.

తెరిస్తే వెనిల్లా వాసన. కొంచెం కారమెల్. ఇంకేమీ లేదు.

స్నేహితుడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "నువ్వు ఇన్నాళ్లూ చెప్పిన హ్యాంప్డెన్ ఇదేనా?" అన్నాడు. డబ్బు పోయినదానికంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. మొదటిసారి వాసన చూసేవాడికి ఇదే హ్యాంప్డెన్ అని గుర్తుండిపోతే ఎంత అన్యాయం! ఎవరినీ తాగనివ్వలేదు.

అరచేతిలో ఒక చుక్క వేసి రుద్దాను. పంచదార లేని రమ్ ఆవిరైపోయి చెయ్యి పొడిగా మిగులుతుంది. ఇది ఆరాక వేళ్లు ఒకదానికొకటి అంటుకున్నాయి. ఒక చుక్కను గాజు పలక మీద రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి మెరిసే జిగట మచ్చ అయి కూర్చుంది, గోటితో గీరితే తీగ సాగింది. తర్వాత ఆల్కహాల్ హైడ్రోమీటర్ (ద్రవంలో తేలుతూ ఆల్కహాల్ శాతం చూపించే మీటరు) పెట్టాను, 20 డిగ్రీల దగ్గర. 36 చూపించింది. మీటరులో తేడా ఉందేమోనని అదే మీటరు ఆపిల్టన్ 12లో ముంచాను. లేబుల్ మీద 43, మీటరు మీదా 43.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. పంచదార కలిస్తే ద్రవం సాంద్రత పెరుగుతుంది, మీటరు అసలు శాతం కంటే తక్కువ చూపిస్తుంది. 40 శాతం రమ్‌లో లీటరుకు 20 గ్రాముల పంచదార ఉంటే మీటరు మీద సుమారు 35 కనిపిస్తుంది. నిజంగా 60 శాతం ఉన్న రమ్ 36కి దిగాలంటే లీటరుకు 100 గ్రాములు దాటి పంచదార పోయాలి, అప్పుడది రమ్ కాదు, సిరప్. నాకొచ్చిన సీసాలో ఉన్నది ఏదో మామూలు తియ్యటి రమ్ అయి ఉండాలి. లేదా ఇంకేదైనా. ఆ "ఇంకేదైనా" అన్నదే భయం, అందుకే సింక్‌లో పారబోశాను, కొంచెం మాత్రం సాక్ష్యంగా దాచాను.

ఫోన్ చేశాను. "అన్నా, ఇది హ్యాంప్డెన్ కాదు" అన్నాను. కంగారు లేదు, ఆశ్చర్యం లేదు. "హై ఈస్టర్ రమ్ నీకు కొత్త తమ్ముడూ, మూత తీసి కొన్నాళ్లు ఉంచు, గాలి తగిలితే సర్దుకుంటుంది" అన్నాడు. మీటరు ఫొటో పంపాను. "రమ్ అన్నాక పంచదార ఉంటుంది, మీటరు పట్టుకుని తాగేవాడిని నిన్నే చూశాను" అని వాయిస్ మెసేజ్.

అప్పుడు ఆయన పాత పోస్టులు వెతికాను. టేస్టింగ్ పెట్టినప్పటి ఫొటో ఒకటి దొరికింది. బల్ల మీద గ్లాసులు, మధ్యలో ఖాళీ అయిన హ్యాంప్డెన్ ఓవర్‌ప్రూఫ్. దాని లేబుల్ కుడివైపు కింది మూల చిరిగి ఉంది, ఆ చిరుగు పక్కనే అరచందమామ ఆకారంలో గోధుమరంగు మరక. నా చేతిలో ఉన్న సీసా తిప్పి చూశాను. అదే మూల, అదే చిరుగు, అదే మరక. జనం తాగేసిన సీసాను కడిగి, ఏదో పోసి, సీల్ వేసి నాకు అమ్మాడు!

రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి పంపాను. చూశాడు. చాలాసేపటికి వచ్చిన జవాబు ఇది: "చేతకానివాళ్లు మంచి రమ్ జోలికి రాకూడదు. తెరిచిన సీసాకి నాది పూచీ కాదు." ఆ వెంటనే బ్లాక్. ఆ టేస్టింగ్ ఫొటో ఇప్పుడు ఆయన పేజీలో లేదు. ఆయన ఇంట్లో కూర్చుని, ఆయన పోసిన రమ్ తాగి, అన్నా అని పిలిచిన మనిషిని నేను. చేతకానివాడినట.

"రమ్ అన్నాక పంచదార ఉంటుంది" అన్న మాటను అలా వదిలేయలేను, దాన్ని నమ్మేవాళ్లున్నారు. పంచదార కలిపిన రమ్‌లు ఉన్నాయి, అవి ఇష్టపడటంలో తప్పేమీ లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2021 నుంచి లీటరుకు 20 గ్రాములు మించకూడదన్న నిబంధన కూడా ఉంది. కానీ హ్యాంప్డెన్ పంచదార కలపదు. ఫోర్‌స్క్వేర్ నడిపే రిచర్డ్ సీల్ అయితే కలపకూడదని ఏళ్లుగా బహిరంగంగా వాదిస్తున్నారు. ఈయన ఇంకో అబద్ధం కూడా చెబుతాడు, గ్వాటెమాలా రమ్ జకాపా 23ని "23 ఏళ్ల రమ్" అని అమ్ముతాడు. అది సొలెరా పద్ధతిలో, అంటే పాత రమ్‌కి కొత్తది కలుపుతూ పోయే పద్ధతిలో, 6 నుంచి 23 ఏళ్ల రమ్‌లు కలిపినదని తయారీదారులే చెబుతూ వచ్చారు. జమైకా, బార్బడోస్ సీసాల మీద వయసు రాస్తే అది అందులో కలిసిన రమ్‌లలో అన్నిటికంటే తక్కువ ఏళ్లు మాగినదాని వయసు. ఈ రెండూ ఒకటి కాదు.

ఇప్పుడు అమ్మకానికి ఉన్న కరోని గురించే నాకు టెన్షన్. ట్రినిడాడ్‌లోని ఆ డిస్టిలరీ 2000ల తొలి ఏళ్లలోనే మూతపడింది. ఇటలీలో రమ్ అమ్మే వెలియర్ కంపెనీకి చెందిన లూకా గర్గానో 2004లో అక్కడి పాత పీపాలు చూసి కొనకపోతే మనలో చాలామందికి ఆ పేరే తెలిసేది కాదు. ఇక కొత్తది రాదు, ఉన్నది తగ్గుతూనే ఉంటుంది. తారు, పెట్రోలు గుర్తొచ్చే ఆ వాసన ముందెప్పుడూ చూడనివాడికి ఏది పోసి ఇచ్చినా తేడా తెలియదు. మోసానికి ఇంతకంటే అనువైన సీసా లేదు.

కొనేవాళ్లు మూత, మెడ దగ్గర రమ్ మట్టం, లేబుల్ నాలుగు మూలలు దగ్గరగా ఫొటో తీయించుకోండి, ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టించి. సీసా తెరిచేటప్పుడు వీడియో తీయండి. ఆల్కహాల్ హైడ్రోమీటర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఖాళీ అయిన మంచి సీసాలను ఎవరికీ ఇవ్వకండి, లేబుల్ మీద అడ్డంగా గీత గీసి పారేయండి. ఆయన టేస్టింగ్‌లకు వెళ్లినవాళ్లు మీ ఫోన్లలో ఉన్న పాత ఫొటోలు చెరపకండి. ఆయన దగ్గర కొన్న సీసా ఇంకా తెరవకుండా ఉంటే లేబుల్ ఫొటో నాకు పంపండి, నా దగ్గరున్న ఫొటోలతో పోల్చి చూస్తాను.