ప్రాసెసర్ మూత తీయడం మన ఎండలకు పనికొస్తుందా? ఐ7-8700కె మీద దీర్ఘకాల అనుభవం

ముందే తేల్చి చెబుతాను. మూత కింద థర్మల్ పేస్టు, అంటే వేడిని దాటించే ముద్ద, ఉన్న పాత తరం ఇంటెల్ ప్రాసెసర్ మీ దగ్గర ఉండి, దానితో గంటల తరబడి తెరిపి లేకుండా పని చేయించుకునేవారైతే, ఆ మూత తీయడం నిస్సందేహంగా లాభసాటి. మూత కింద సోల్డర్, అంటే కరిగించి అతికించిన లోహం, ఉన్న ప్రాసెసర్ అయితే దాని జోలికి వెళ్లవద్దు. 2021 వేసవిలో నా 8700కె మూత తీశాను. అప్పటి నుంచి మా స్టూడియోలో నేను చేసే పెళ్లి వీడియోలన్నీ ఆ కంప్యూటర్ మీదే తయారవుతున్నాయి. మూత తీసిన మొదటి వారంలో ఎవరైనా సంతోషంగానే రాస్తారు. ఇన్ని వేసవులు గడిచాక ఏం మిగిలిందో చెప్పడం అవసరమనిపించి రాస్తున్నాను.

మా స్టూడియో ఒంగోలులో, కర్నూలు రోడ్డు వైపు. మూఢం అడ్డురాని ఏడాదైతే వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో ముహూర్తాలు ముంచెత్తుతాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు ఊపిరి సలపని పని. మూడు కెమెరాల 4కె వీడియో, రాత్రి విందులో మసక వెలుతురులో తీసిన దృశ్యాలకు నాయిస్ తగ్గించడం, రంగులు సరిచేయడం, చివరికి వాటన్నిటినీ కలిపి మూడు నాలుగు గంటల నిడివి గల ఒకే ఫైలుగా తయారుచేయడం, అంటే రెండర్ చేయడం. గ్రాఫిక్స్ కార్డు కొంత భారం పంచుకున్నా, ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలైన ఆరు కోర్లలో ఒక్కటి కూడా ఖాళీగా ఉండదు.

ప్రాసెసర్ ఎంత వేడెక్కుతుందన్న లెక్క గది వేడి దగ్గరే మొదలవుతుంది. పైన బిగించే కూలర్ ఎంత ఖరీదైనదైనా గదిలోని గాలి కంటే ప్రాసెసర్‌ను చల్లబరచలేదు. ఇంటర్నెట్‌లో కనిపించే పరీక్షలు చాలావరకు ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల గదుల్లో చేసినవి. 25 డిగ్రీల గదిలో 80 చూపిన ప్రాసెసర్, మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీలున్న మన గదిలో 93 చూపుతుంది. 8700కెకు ఇంటెల్ పెట్టిన హద్దు 100 డిగ్రీలు. ఆ హద్దుకు చేరితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. చెడిపోదు కానీ పని సాగదు. కాబట్టి చల్లటి దేశాల్లో కూర్చుని "ఇది అనవసరం" అని చెప్పేవారి మాటను ఉన్నదున్నట్టు మనకు అన్వయించుకోలేం.

అసలు ఆ మూత ఏం చేస్తుంది? ప్రాసెసర్ పైన కనిపించే వెండిరంగు పలక చిప్ కాదు. అది నికెల్ పూత వేసిన రాగి మూత, దాన్నే హీట్ స్ప్రెడర్ అంటారు. అసలు చిప్, అంటే సిలికాన్ డై, దాని కింద ఉంటుంది. 8700కెలో దాని వైశాల్యం సుమారు 150 చదరపు మిల్లీమీటర్లు. వేడి డై నుంచి మూతకు, మూత నుంచి కూలర్‌కు వెళ్లాలి. 2011 నాటి శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో డైకీ మూతకీ మధ్య సోల్డర్ ఉండేది. 2012లో ఐవీ బ్రిడ్జ్‌తో ఆ స్థానంలోకి పేస్టు వచ్చింది. హ్యాస్వెల్, స్కైలేక్, కేబీ లేక్ తరాల మీదుగా 2017 చివర్లో వచ్చిన 8700కె దాకా అదే పద్ధతి నడిచింది. 2018 అక్టోబరులో 9900కెతో ఇంటెల్ మళ్లీ సోల్డర్‌కు మారింది.

చాలామంది నేరమంతా పేస్టు నాణ్యత మీదికి నెడతారు. నిజానికి మూత అంచుల చుట్టూ ఉండే నల్లటి సిలికాన్ జిగురుకే అందులో పెద్ద వాటా. ఆ జిగురు పొర మందం వల్ల మూత కాస్త పైకి లేచి ఉంటుంది. ఆ సందును నింపేది పేస్టే కాబట్టి పేస్టు పొర కూడా మందమవుతుంది, మందమైన కొద్దీ వేడి దాటడం కష్టమవుతుంది. జిగురును శుభ్రంగా గీకేసి, పేస్టు బదులు గాలియం, ఇండియం, తగరం కలిసిన ద్రవ లోహాన్ని పలుచగా పూస్తే రెండు అడ్డంకులూ ఒకేసారి తొలగుతాయి. మూత తీసే పని సారాంశం ఇంతే. తీసిన మూతను మళ్లీ దాని చోటులోనే పెడతాం.

నెల్లూరులో కంప్యూటర్ల దుకాణం నడిపే మిత్రుడొకరు ఈ సంగతి వినగానే, "ఆ ఖర్చేదో గదికి ఏసీ మీద పెట్టు అన్నా, నీకూ చల్లగా ఉంటుంది, దానికీ చల్లగా ఉంటుంది" అన్నాడు. సబబైన సలహా. మా గదిలో ఏసీ అప్పటికే ఉంది. అది నడుస్తున్నంతసేపు గది 26 డిగ్రీల్లో ఉండి, ప్రాసెసర్ 85 దగ్గర నిలిచేది. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడే వస్తుంది చిక్కు. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడుస్తుంది, పైన ఫ్యాను తిరుగుతుంది, ఏసీ మాత్రం ఆగిపోతుంది. తలుపులు బిగించిన గదిలో అరగంటకే వేడి 38కి చేరేది, ప్రాసెసర్ 97 దాటి 100ను తాకుతూ ఉండేది. సగం రెండర్ అయిన ఫైలును ఆపలేం, వదలలేం. నేను మూత తీసింది ఆ గంట కోసమే.

వారంటీ మూడేళ్లూ పూర్తయ్యేదాకా ఆగాను. మూత తీస్తే వారంటీ పోతుంది కాబట్టి, గడువు లోపల ఉన్నవారికి ఆ ఓపిక అవసరం. తొలినాళ్లలో కొందరు బ్లేడుతో జిగురు కోసేవారు, ఇంకొందరు వైస్‌లో బిగించి చెక్కముక్క ఆనించి సుత్తితో కొట్టేవారు. స్కైలేక్ నుంచి ప్రాసెసర్ కింది పచ్చటి పలక హ్యాస్వెల్ కంటే పలుచనైంది. ఆ పద్ధతుల్లో అది వంగిపోయే ప్రమాదం ఎక్కువ. డెర్‌బవర్ పేరుతో ప్రసిద్ధుడైన జర్మన్ ఓవర్‌క్లాకర్ (ప్రాసెసర్లను నిర్ణీత వేగం మించి నడిపే నిపుణుడు) రోమన్ హార్టుంగ్ రూపొందించిన తరహా పనిముట్టు దీనికి సరైనది. ప్రాసెసర్‌ను గాడిలో పెట్టి అలెన్ కీతో మర తిప్పితే మూత పక్కకు జరుగుతుంది. జిగురు ఊడినప్పుడు టక్కున ఒక చప్పుడు వస్తుంది. ఒక్కసారి వాడి బీరువాలో పెట్టే వస్తువు కాబట్టి, తెలిసినవాళ్లం ముగ్గురం కలిసి కొన్నాం.

మూత తెరిచి చూస్తే లోపలి పేస్టు బూడిదరంగులో ఎండి, వేలితో తాకితే పొడిగా రాలింది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. మొబైల్ మరమ్మతు దుకాణాల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. నల్లటి జిగురును పాత ఏటీఎం కార్డు అంచుతో గీకాలి, లోహపు వస్తువు వాడకూడదు. ద్రవ లోహంలో విద్యుత్తు ప్రవహిస్తుంది కాబట్టి డై పక్కన బయటికి కనిపించే చిన్న లోహపు బిందువులకు గోళ్లరంగు పూసి పూర్తిగా ఆరనిచ్చాను. ఈ పనిలో అన్నిటికంటే ఓపిక అడిగేది ఆ తర్వాతి ఘట్టం. సిరంజి నుంచి ఆవగింజంత లోహం డై మీద పెడితే అది పాదరసంలా ఉండ కట్టి దొర్లుతుంది, అంటుకోదు. దూది పుల్లతో మెల్లగా రుద్దుతూ పోవాలి. కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది, తర్వాత ఒక మూల తడి పట్టి, అక్కడి నుంచి పొర సాగుతుంది. డై అంతా అద్దంలా మెరిశాక, మూత లోపలి వైపు కూడా డై ఆనే మేరకు అలాగే పూయాలి. అంచున బొట్టు కట్టి వేలాడుతుంటే ఎక్కువైనట్టే. సిరంజితో వెనక్కి పీల్చేయాలి. నాలుగు మూలలా చుక్కంత సిలికాన్ జిగురు పెట్టి మూత అమర్చి, రాత్రంతా బిగించి ఉంచాను. మూతకూ కూలర్‌కూ మధ్య మామూలు పేస్టే వాడాను.

కూలర్‌కు, మూతకు మధ్య ద్రవ లోహం వాడవద్దని గట్టిగా చెబుతాను. కూలర్ అడుగు అల్యూమినియం అయితే గాలియం దాన్ని తినేస్తుంది. పూత లేని రాగి అయితే గాలియం అందులోకి కొద్దికొద్దిగా ఇంకిపోయి, మళ్లీ మళ్లీ పూయాల్సి వస్తుంది. నికెల్ పూత ఉంటేనే భద్రం.

ఫలితం సంగతి. అదే కూలర్, అవే ఫ్యాన్లు, అవే సెట్టింగులు. ఏసీ ఉన్న 26 డిగ్రీల గదిలో 85 ఉండేది 68కి దిగింది. కరెంటు పోయిన 38 డిగ్రీల గదిలో 97, 100 మధ్య కొట్టుకులాడేది 80 దగ్గర స్థిరపడింది. అంటే అటూఇటూగా 17 డిగ్రీలు. ఏసీ నడుస్తున్నప్పుడు మాత్రం రెండర్ సమయంలో ఒక్క నిమిషం కూడా తగ్గలేదు. తగ్గదు కూడా, ఎందుకంటే అప్పుడు ప్రాసెసర్ మునుపు కూడా తన పూర్తి వేగం 4.3 గిగాహెర్ట్జ్‌లోనే నడిచేది. తేడా అంతా ఏసీ లేని గంటల్లోనే కనిపించింది: మునుపు నాలుగు లోపుకు పడిపోయే వేగం ఇప్పుడు పడిపోవడం లేదు. ఇంకో లాభం నేను అంతగా ఊహించనిది. ఫ్యాన్ల హోరు బాగా తగ్గింది. సన్నాయి మేళం ట్రాకును మంత్రాల గొంతుతో కలిపి సరిచూసుకునేటప్పుడు ఆ నిశ్శబ్దం విలువ మా వృత్తిలో ఉన్నవారికి తెలుసు.

కాలం గడిస్తే ద్రవ లోహం ఎండిపోతుందనీ, కారిపోతుందనీ భయపెడతారు. 2024లో కూలర్ పేస్టు మార్చేటప్పుడు మూత కూడా ఎత్తి చూశాను. డై మీద లోహం ఇంకా తడిగానే ఉంది. మూత లోపల నికెల్ మీద బూడిదరంగు మరక పడింది తప్ప పూత లేవలేదు, బయటికి ఒక్క చుక్క రాలేదు. తుడిచి కొత్తగా పూస్తే ఒకటి రెండు డిగ్రీలు తగ్గింది. అది కూలర్‌కు వేసిన కొత్త పేస్టు పుణ్యం కూడా కావచ్చు. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో సోనీ కర్మాగారంలోనే ద్రవ లోహం వాడింది. సరిగ్గా పూస్తే నిలిచే పదార్థమే ఇది.

అయినా ఎవరైనా వచ్చి మూత తీయమంటే ముందు కంప్యూటర్ కేసు తలుపు తెరిచి చూపించమంటాను. చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం చేసే మా బావమరిది ఆఫీసు కంప్యూటర్ వేడికి తరచూ ఆగిపోయేది. గెలాక్సీ గ్రానైట్ కోసే, నునుపు చేసే యంత్రాల మధ్య ఆ ఆఫీసు. కూలర్‌లో వేడిని గాలికి వదిలే హీట్‌సింక్ రేకుల మధ్య రాతిపొడి పట్టి అట్ట కట్టింది. కుంచెతో విడదీసి, బ్లోయర్‌తో ఊది, కేసు ముందు వలను కడిగితే చాలు, పన్నెండు డిగ్రీలు తగ్గింది. రూపాయి ఖర్చు లేదు. రెండోది, చాలా మదర్‌బోర్డులు మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ పేరుతో 8700కె అన్ని కోర్లనూ 4.7 గిగాహెర్ట్జ్‌లో నడిపిస్తాయి. ఇంటెల్ లెక్క ప్రకారం 4.7 ఒక్క కోర్ వాడినప్పటి వేగం. ఆరూ కలిసి పనిచేస్తే 4.3. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల తెర బయాస్‌లో దాన్ని ఆపేసి, వోల్టేజీని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ కంప్యూటర్ నిలకడగా ఉన్న చోట ఆగితే వేడి గణనీయంగా దిగుతుంది. నేను ఇవన్నీ చేశాకే, అప్పటికీ చాలకే మూత దాకా వెళ్లాను. పైన చెప్పిన 97 ఆ సర్దుబాట్ల తర్వాతి అంకె.

సోల్డర్ ఉన్న ప్రాసెసర్ల విషయంలో నాకు ఊగిసలాట లేదు. ఇండియం సోల్డర్ వేడిని దాటించడంలో ద్రవ లోహానికి తీసిపోదు. అది కరగాలంటే 156 డిగ్రీలు దాటాలి. కరిగించకుండా తోస్తే డైకే దెబ్బ తగలవచ్చు. దొరికే లాభం పేస్టు రకంతో పోలిస్తే తక్కువ. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 తరం ప్రాసెసర్లలో మూత మందం ఎక్కువనీ, అది తీసి కూలర్‌ను నేరుగా డై మీద ఆనిస్తే బాగా తగ్గుతుందనీ చూపినవారున్నారు. అందుకు వేరే బిగింపు చట్రం కావాలి, మూత అంచుల కిందే చిన్న కెపాసిటర్లున్నాయి. మా స్టూడియోలో తమ్ముడు వాడే, ఆ తరానికే చెందిన 7900ఎక్స్ రెండర్ మొదలవగానే 95కు వెళ్లేది. ఆ తరాన్ని ఏఎండీ 95 డిగ్రీల్లో నడిచేలాగే రూపొందించింది. బయాస్‌లో ఎకో మోడ్ (ప్రాసెసర్ వాడే కరెంటును తగ్గించే అమరిక) పెట్టాం. వేడి బాగా దిగింది, రెండర్ సమయంలో తేడా పెద్దగా తెలియలేదు. ఇంటెల్ పన్నెండో తరం, ఆ తర్వాతి వాటిలో సాకెట్ బిగింపుకు మూత కాస్త వంగుతుంది. దానికి కాంటాక్ట్ ఫ్రేమ్ అని విడిగా దొరుకుతుంది, కొన్ని డిగ్రీలు కలిసొస్తాయి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు సాధారణంగా మూతే ఉండదు, డై మీదే హీట్‌సింక్ ఆనుతుంది.

ఇంట్లో ఆటలకో, ఆఫీసు పనికో 8700కె వాడేవారు ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచుకోండి. ఆటలు ఆరు కోర్లనూ అంతసేపు పిండవు. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో ఈ తరం ప్రాసెసర్లు చవకగా దొరుకుతున్నాయి, వాటిలో మూత తీసినవీ ఉంటాయి. కొనే ముందు మూత అంచు చుట్టూ జిగురు గీత సమంగా ఉందా, మూత పలకకు సరిగ్గా మధ్యలో ఉందా చూడండి. తీసినదే అయితే లోపల ఏం పూశారు, ఎప్పుడు పూశారు అని అడగండి. అంటించకుండా వట్టిగా పెట్టిన మూత అయితే కొరియర్‌లో తెప్పించుకోవద్దు, స్వయంగా వెళ్లి తెచ్చుకోండి.