బేరియాట్రిక్ సర్జరీకి బరువు చాలకపోతే: పెంచుకోవాలా, సొంత ఖర్చుతో చేయించుకోవాలా, మందులు వాడాలా?

బేరియాట్రిక్ సర్జరీకి, అంటే బరువు తగ్గించేందుకు జీర్ణాశయం మీద చేసే ఆపరేషన్‌కు, ఎవరు అర్హులో తేల్చే గీతలు మన దేశంలో రెండు ఉన్నాయి: ఒకటి వైద్యులు గీసింది, రెండోది బీమా నిబంధనలు గీసింది. రెండింటికీ ఆధారం బీఎంఐయే, అంటే కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు పెట్టిన హద్దు 40. ఊబకాయం వల్ల వచ్చే తీవ్రమైన జబ్బులు ఉంటే 35. ఈ సర్జరీ చేసే వైద్యుల అమెరికా సంఘమూ అంతర్జాతీయ సమాఖ్యా కలిసి 2022లో ఆ హద్దును సవరించి, జబ్బులతో నిమిత్తం లేకుండా 35 చాలన్నాయి; ఆసియావాసుల్లో తక్కువ బరువుకే కొవ్వు, మధుమేహం ముదురుతాయి కాబట్టి వారికి 27.5 దాటితే సర్జరీ సూచించాలన్నాయి.

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపు (పాలసీ ఏ ఖర్చును ఇవ్వనక్కర్లేదో, ఏ షరతులు తీరితే ఇవ్వాలో చెప్పే నిబంధన) మాత్రం పాత గీత దగ్గరే నిలిచింది. దాని ప్రకారం రోగికి 18 ఏళ్లు నిండాలి, బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండర వ్యాధి, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు), అదుపులో లేని టైప్ 2 మధుమేహం అనే నాలుగింటిలో ఒకటి ఉండాలి. అదీ ఇతర మార్గాల్లో బరువు తగ్గే ప్రయత్నం విఫలమయ్యాకే. మోకాళ్ల నొప్పులకు, అధిక రక్తపోటుకు ఆ జాబితాలో చోటు లేదు.

ఈ తేడాను కిలోల్లో చూస్తే సమస్య స్పష్టమవుతుంది. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మహిళకు 27.5 అంటే 70.4 కిలోలు, 35 అంటే 89.6 కిలోలు, 40 అంటే 102.4 కిలోలు. అదుపు తప్పిన మధుమేహంతో 86 కిలోలున్న మనిషి వైద్యుల లెక్కలో నిస్సందేహంగా అర్హురాలు, బీమా లెక్కలో మూడున్నర కిలోలు తక్కువ. ‘ఇంకొంచెం పెరిగితే క్లెయిమ్ వస్తుంది కదా’ అన్న సలహా పుట్టేది సరిగ్గా ఇక్కడే.

ఆ సలహా చౌకగా కనిపిస్తుంది కానీ, మూడింటిలో ఖరీదైనది అదేనని నా అభిప్రాయం. మధుమేహం ఎంత పాతబడితే, ఇన్సులిన్ అవసరం ఎంత పెరిగితే, సర్జరీ తర్వాత అది వెనక్కి తగ్గే అవకాశం అంత తగ్గుతుంది. కావాలని పెంచిన బరువు పొట్ట లోపల, కాలేయంలో కూడా పేరుకుంటుంది. ఉబ్బిన కాలేయం జీర్ణాశయాన్ని కప్పేయడం వల్ల లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) కష్టమవుతుంది. అందుకే చాలామంది సర్జన్లు ఆపరేషన్‌కు ముందు సుమారు రెండు వారాలు తక్కువ కేలరీల ఆహారం పెట్టి బరువు తగ్గించమంటారు. పైగా, అంత చేసినా క్లెయిమ్ ఖాయం కాదు: చాలా పాలసీల్లో ఈ సర్జరీకి నిరీక్షణ కాలం, అంటే పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ ఇవ్వని గడువు, ఉంటుంది. ఇక కాగితం మీద బరువు పెంచి రాయించడం మోసం కిందికి వస్తుంది, అది బయటపడితే పాలసీయే రద్దు కావచ్చు.

సొంత ఖర్చు అంటే కొన్ని లక్షల రూపాయలు. ఆపైన బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడాలి, ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలి. అయినా, బీఎంఐ 32, 33 దాటి మధుమేహం అదుపు తప్పినవారికి, అప్పులపాలు కాకుండా భరించగలిగితే, నేను మొగ్గేది దీనివైపే. స్లీవ్ (జీర్ణాశయంలో ఎక్కువ భాగం తీసేయడం), బైపాస్ (ఆహారం వెళ్లే దారిని మార్చడం) సర్జరీలతో సాధారణంగా మొత్తం బరువులో పావు వంతు, కొందరికి అంతకంటే ఎక్కువ తగ్గుతుంది.

మందుల సంగతి గత కొన్నేళ్లలో బాగా మారింది. మన దేశంలో 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే ఇంజెక్షన్లు విడుదలయ్యాయి. ప్రధాన ప్రయోగ పరీక్షల్లో వెగోవీలోని సెమాగ్లుటైడ్ 68 వారాల్లో సగటున 15 శాతం వరకు, మౌంజారోలోని టిర్జెపటైడ్ అత్యధిక మోతాదులో 72 వారాల్లో దాదాపు 21 శాతం బరువు తగ్గించాయి. వీటికి బీఎంఐ 30, జబ్బులుంటే 27 చాలు. అయితే సెమాగ్లుటైడ్ ఆపేసినవారికి ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది; కాబట్టి నెలనెలా అయ్యే ఖర్చును ఏళ్లకు లెక్కగట్టి సర్జరీ ఖర్చుతో పోల్చాలి. బీఎంఐ 30 అటూ ఇటూగా ఉండి పెద్ద జబ్బులేవీ లేనివారికి మాత్రం ముందుగా మందులే మేలు.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువారికి ఈ చిక్కు కొంత తక్కువ. అక్కడ చికిత్సల ప్రమాణాలు నిర్ణయించే నైస్ అనే సంస్థ మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాలున్నవారికి హద్దును 2.5 మేర తగ్గించి 37.5గా, జబ్బులుంటే 32.5గా లెక్కించమంటాయి.

ఏ దారి ఎంచుకున్నా, ఆహార నియమం గానీ మందు గానీ మొదలుపెట్టకముందే ఆసుపత్రిలో ఎత్తు, బరువు కొలిపించి తేదీతో నమోదు చేయించుకోవాలి. చికిత్సతో బరువు తగ్గి గీత దిగువకు వచ్చినంత మాత్రాన అర్హత పోదని, గతంలో నమోదైన గరిష్ఠ బీఎంఐని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని యూరప్ సర్జన్ల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన బీమా సంస్థ ఏ రోజు బరువును లెక్కిస్తుందో మాత్రం ముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.