మంచు కరిగే వేళ బౌండరీ వాటర్స్‌లో కెనూ ప్రయాణం

అమెరికాలోని మినసోటా రాష్ట్రపు ఉత్తర అంచున, కెనడా సరిహద్దును ఆనుకుని పది లక్షల ఎకరాలకు పైగా పరచుకున్న బౌండరీ వాటర్స్ అరణ్యానికి మేము మే నెలలో వెళ్ళడానికి రెండు కారణాలున్నాయి: అప్పటికి దోమలు విజృంభించవు, ప్రవేశ పర్మిట్లు వేసవిలో కన్నా తేలికగా దొరుకుతాయి. అయితే అదే నెలలో మంచు కరిగిన నీరంతా ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు దిగుతూ ఉంటుంది. దానికి వర్షాలు కూడా తోడైన 2022లో, ఈ నీరు చేరే సరిహద్దు సరస్సు రెయినీ లేక్ నీటిమట్టం 1950 నాటి రికార్డునే దాటిపోయింది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఊరూరా తెలుస్తుంది. ఇక్కడ ఒకసారి లోపలికి వెళ్ళాక ఫోన్ సిగ్నలే దాదాపు ఉండదు కనుక, కవిషివి, బాస్‌వుడ్ నదుల మీది ప్రభుత్వ నీటి కొలతలను బయలుదేరే ముందే చూసుకోవాలి.

మొదటి రాత్రికి ఫాల్ లేక్ క్యాంప్‌గ్రౌండ్‌ను ఎంచుకున్నాము. కారు నేరుగా వెళుతుంది, కరెంటు ఉన్న సైట్లు దొరుకుతాయి. ఏకాంతం కోరేవారికి మాత్రం నచ్చదు. అక్కడి నుంచి న్యూటన్ లేక్‌కు చేరాలంటే జలపాతాన్ని తప్పించుకుంటూ కెనూను (తెడ్లతో నడిపే సన్నని తేలికపాటి పడవను) భుజాల మీద మోసుకుని 80 రాడ్లు, అంటే సుమారు 400 మీటర్లు, నడవాలి. ఇలా పడవ మోసుకుని నడిచే దారిని పోర్టేజ్ అంటారు. దారి వెడల్పుగా, సుఖంగానే ఉంది. చిక్కంతా దిగే చోటే. మామూలుగా కాలు మోపే రాళ్ళు మోకాలి లోతు నీటిలో మునిగి ఉన్నాయి, ఒడ్డున ఉండవలసిన పొదలు నీటిలో నిలబడి వణుకుతున్నాయి. ముందు కూర్చున్నవారు తాడు చేతపట్టి దిగి కెనూను నిలబెట్టేదాకా వెనకవారు తెడ్డు ఆపడానికి లేదు. ఇలాంటి రేవులు చాలావరకు జలపాతానికి కాస్త ఎగువనే ఉంటాయి కాబట్టి, వరద నీటిలో రేవు తప్పితే మళ్ళీ ప్రయత్నించే వ్యవధి ఉండకపోవచ్చు. 2024 మే నెలలో ఇక్కడి కర్టెన్ ఫాల్స్ జలపాతం మీదుగా రెండు కెనూలు కొట్టుకుపోయి ఇద్దరు మరణించారు. ఆ నెలలో నీరు ఎంత చల్లగా ఉంటుందంటే, పడిన తొలి నిమిషంలోనే ఊపిరి అదుపు తప్పుతుంది, ఆ తరువాత చేతులు పట్టు కోల్పోతాయి. పదేళ్ళు నిండని పిల్లలు లైఫ్ జాకెట్ తొడుక్కోవాలని మినసోటా చట్టం చెబుతుంది. మే నెలలో పెద్దలకూ వేరే నియమం పెట్టుకోకూడదు.

ఈ అరణ్యానికి దగ్గరి ఈలీ పట్టణంలో పడవలు అద్దెకిచ్చే దుకాణాల మధ్య తేడా ఈ కాలంలోనే బయటపడుతుంది. ఒకచోట రసీదు, తెడ్లు చేతికిచ్చి పంపేశారు. మరోచోట ఒక పెద్దాయన మ్యాప్ పరిచి, ఏ రేవు మునిగిందో, ఏ సైటులో పొయ్యి దాకా నీరు వచ్చిందో పెన్సిలుతో గుర్తులు పెట్టి ఇచ్చారు. అద్దె కొంచెం ఎక్కువైనా నేను రెండవ దుకాణానికే వెళతాను.

క్యాంపు సైట్ల విషయంలో అందం కన్నా ఎత్తు చూడాలి. ఇసుక ఒడ్డున ఉన్నవి ఫోటోలకు బాగుంటాయి గానీ, రాత్రి వాన కురిస్తే ముందు మునిగేవి అవే. రాతి గుట్ట మీద టెంటు మేకులు దిగకపోయినా, తాళ్ళను బండరాళ్ళకు కట్టి సర్దుకోవచ్చు. కెనూను ఒడ్డున వదిలేయకుండా పైకి లాగి చెట్టుకు కట్టాలి.

పిల్లలతో వెళ్ళేవారికి, కొత్తవారికి నేను సూచించేది మూస్ లేక్ మార్గం. మూస్, న్యూఫౌండ్, సక్కర్ సరస్సులు పోర్టేజ్ లేకుండానే ఒకదానితో ఒకటి కలుస్తాయి. మోటారు పడవల చప్పుడు కొంత భరించాలి. అయితే డబ్బు చెల్లిస్తే అవే మీ కెనూను ఎక్కించుకుని లోపలిదాకా దింపివస్తాయి, గాలి ఎదురుతిరిగిన రోజున ఆ సేవ విలువ బాగా తెలుస్తుంది. బాస్‌వుడ్ నది జలపాతాల వైపు ప్రయాణాన్ని మాత్రం ఆగస్టుకు వాయిదా వేసుకోవడం మంచిది.