‘సీజన్ ఆఫ్ ద విచ్’ని ఆరేళ్లు వాడాక

సినిమాని వాడటం ఏమిటంటారా? దీన్ని నేను చూసింది తక్కువ, వాడింది ఎక్కువ. 2019 నుంచి ఒడిశాలోని రాయగడలో మా మేడ మీద మూడు గుంపులతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడించాను. ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు తలో పాత్ర వేసి, ఏం చేస్తారో చెప్పి పాచికలు వేసే ఆట అది. మూడుసార్లూ మొదటి కథ ఇదే. కొత్తవాళ్ల చేతిలో రూల్స్ పుస్తకం పెడితే మర్నాడు ఫోన్ ఎత్తరు. గంటన్నర సినిమా వేసి పకోడీ ప్లేటు ముందు పెడితే కదలకుండా కూర్చుంటారు.

గొప్ప సినిమా కాదు, ముందే చెప్పేస్తున్నా. 2011 జనవరిలో వచ్చింది. డొమినిక్ సెనా తీశాడు. నికొలస్ కేజ్, రాన్ పెర్ల్‌మన్ క్రూసేడ్ (క్రైస్తవ మతయుద్ధాల) యోధులు. పద్నాలుగో శతాబ్దంలో కత్తులు పట్టుకుని అమెరికాలో బార్లో కూర్చున్నవాళ్లలా మాట్లాడుకుంటారు. ఎవరు ఎక్కువమందిని నరికితే వాళ్లకి మందు ఫ్రీ అని యుద్ధం మధ్యలో పందెం కూడా. ఇక చరిత్ర సంగతి అడక్కండి. 1344లో స్మిర్నా (ఇప్పటి టర్కీలో ఉంది) దగ్గర సైన్యాన్ని వదిలేసి వెనక్కి వచ్చేసరికి ఊళ్లన్నీ ప్లేగుతో కుళ్లిపోయి ఉంటాయి. అసలు ఆ ప్లేగు సిసిలీ రేవులో దిగిందే 1347లో. మా నాన్నగారు పది నిమిషాలు చూసి, "విఠలాచార్య ఇంతకంటే తక్కువ డబ్బుతో ఎక్కువ భయపెట్టాడ్రా" అని లేచి వెళ్లిపోయారు. కాదనలేకపోయాను.

కథ చిన్నదే. పారిపోయి వచ్చిన ఇద్దరూ దొరికిపోతారు. ప్లేగుతో చావబోతున్న ఓ కార్డినల్, అంటే చర్చి పెద్ద, వాళ్లకి పని అప్పజెబుతాడు. (ఆయన క్రిస్టొఫర్ లీ. బొబ్బల కింద ముఖం ఆనవాలు పట్టలేం, ఉన్నది కాసేపే, అయినా సినిమాలో బాగా చేసింది ఆయనే.) ఈ రోగం తెచ్చింది ఈ మంత్రగత్తె పిల్లే, దూరంగా కొండమీద ఉన్న మఠానికి చేర్చండి, అక్కడి సన్యాసులు విచారిస్తారు అంటాడు. తోడుగా ఒక మతగురువు, కూతురిని పోగొట్టుకున్న ఒక యోధుడు, దారి తెలిసిన ఒక మోసగాడు, యోధుడవ్వాలని ఉబలాటపడే ఒక కుర్రాడు. ఆరుగురు మగాళ్లు, ఒక బండి, దాని మీద ఇనప బోను, బోనులో పిల్ల. ఈ ఆట ఆడినవాళ్లకి చూడగానే నవ్వొస్తుంది. ఇంతకన్నా తయారుగా ఉన్న పార్టీ (ఆటలో కలిసి బయల్దేరే జట్టుని అలా అంటాం) ఎక్కడ దొరుకుతుంది?

నన్ను పట్టేసింది మాత్రం బోను. సరుకుని ఇక్కడినుంచి అక్కడికి చేర్చే కథలు మా ఆటలో బోలెడు. వాటిలో సరుకు పెట్టెలానే ఉంటుంది, నోరు మెదపదు. ఇక్కడ సరుకు మాట్లాడుతుంది. చందమామ చదువుకుని పెరిగినవాడిని కాబట్టి రెండోసారి చూస్తున్నప్పుడు ఠక్కున తట్టింది: ఇది భుజం మీద బేతాళుడు! విక్రమార్కుడికి మోయడం కష్టం కాదు, వింటూ మోయడం కష్టం. అప్పటినుంచి ఆ పిల్ల పాత్ర నేనే వేస్తాను. తన గురించి ఏమీ చెప్పను. రోజుకొకరిని ఒక్క ప్రశ్న అడుగుతాను, అంతే. "నువ్వు చంపినవాళ్లలో ఎవరి ముఖమైనా గుర్తుందా?" అని మా బావమరిది యోధుణ్ని అడిగాను ఒకసారి. వాడు పాచికలు కింద పెట్టేసి, "ఏటి బావా, పకోడీ తిననియ్యవా" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు జోకు వేస్తే ఒట్టు.

వంతెన సీను గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. సినిమాలో పాడుబడ్డ తాళ్ల వంతెన మీదుగా బండి దాటిస్తారు. పలకలు విరుగుతుంటాయి, కుర్రాడు జారిపోబోతే బోనులో పిల్ల ఒంటిచేత్తో పట్టుకుంటుంది. అంత బలం దానికెక్కడిది అని అందరికీ అనుమానం. చెకాగుడ దగ్గర నాగావళి మీద వేలాడే వంతెన మాకందరికీ తెలుసు కాబట్టి అడుగు వేస్తే ఎలా ఊగుతుందో నేను వర్ణించక్కర్లేదు. రెండు లావు పుస్తకాలు ఎడంగా పెట్టి, మధ్యలో రెండు దారాలు బిగించి, వాటి మీద అడ్డంగా పదహారు అగరొత్తి పుల్లలు పరుస్తాను. బండి అంటే అగ్గిపెట్టె. అందులో ఒక వక్క, అదే పిల్ల. ఇరవై ముఖాల పాచికలో పన్నెండు దాటకపోతే ఒక పుల్ల లాగేయాలి, ఏ పుల్లో వాళ్లిష్టం. మూడో గుంపులో ఉన్న ఒడియా మిత్రుడు బ్యాంకు ఉద్యోగి, లెక్కల మనిషి. గుర్రాలు విప్పి ముందు నడిపించాడు, సామాను దింపించాడు. అన్నీ అయ్యాక మెల్లిగా, "పిల్లని దింపితే బండి ఇంకా తేలికవుతుంది కదా?" అన్నాడు. అంటే బోను తాళం తియ్యాలి. నలభై నిమిషాలు వాదించుకున్నారు. సినిమాలో ఎవరికీ తట్టని ఆలోచన అది.

తర్వాత అడవి, తోడేళ్లు. ఇక్కడ తప్పు నాది. మొదటి గుంపు మీదికి ఆరు తోడేళ్లని వదిలాను, నలుగురూ చచ్చారు. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్ లెక్కలో నలుగురు మొదటి లెవెల్ వాళ్లకి మూడు తోడేళ్లే ‘కష్టం’ కిందకి వస్తాయి. పక్కన తోడు ఉంటే ఒక్కో తోడేలూ రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటుంది. ఇప్పుడు రెండే చూపిస్తాను, మూడోది వినిపిస్తుంది.

ఒక్క విషయంలో సినిమాని ఉన్నదున్నట్టు వాడుకోలేకపోయాను. రెండో గుంపులో ఒకతను గుణుపురం అవతల కొండ ఊరివాడు. మొదటి రోజు అంతా అయ్యాక మెట్ల దగ్గర ఆగి, "అన్నా, మా దగ్గర ఆడదాన్ని చిల్లంగిదని అంటే ఆట కాదు, ఊరు వదిలి పారిపోవాలి" అన్నాడు. సిగ్గేసింది. మంత్రగత్తె ముద్ర వేసి మనుషుల్ని కొట్టి చంపడం ఆపడానికి 2013లో ఒడిశా ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చిన సంగతి నాకు తెలియనిది కాదు. అయినా స్పెయిన్లోనో ఆస్ట్రియాలోనో జరిగే కథ కదా అనుకుని ఆడించేస్తున్నాను. ఆ రాత్రే కథ మార్చాను. ఇప్పుడు ఊళ్లో ఆమె మీద నేరం మోపిన మనిషి కూడా ఆటలో ఉంటాడు. అతనికి ఆమె పొలం గట్టు మీద కన్నుంటుంది. అది కనిపెట్టడం, కనిపెట్టలేకపోవడం ఆడేవాళ్ల తెలివి.

సినిమా చెడిపోయేది కూడా ఇక్కడే. మఠం చేరేవరకు పిల్ల ఎవరో తేలకుండా బాగానే నడిపి, చివర్లో అదంతా దయ్యం పని అని తేల్చేస్తారు. ఆపైన రెక్కలేసుకుని ఒక కంప్యూటర్ బొమ్మ లేస్తుంది. ఆ బొమ్మ వచ్చేసరికి మా మేనల్లుడు ప్రతిసారీ పడీపడీ నవ్వుతాడు. ప్లేగుతో చచ్చిన సన్యాసులు లేచి గోడలు పాకడం మాత్రం ఉంచుకున్నాను, అది ఎప్పుడూ పనిచేస్తుంది. చూడ్డానికైతే ఐదుకి రెండు, అదీ మొదటి గంటకి. 2022లో ఓ స్ట్రీమింగ్ యాప్ చెప్పాపెట్టకుండా తీసేయడంతో డీవీడీ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. ఆన్‌లైన్లో తెప్పించిన పాచికల సెట్టులో ఇరవై ముఖాలది లేకుండానే వచ్చింది, నెలరోజులు చీటీలు తీసి ఆడాం.

మూడో గుంపు మొన్న దీపావళి ముందు మఠం గుమ్మం దాకా వచ్చింది. గుమ్మం దగ్గర పిల్ల బ్యాంకు మిత్రుణ్నే అడిగింది: "లోపల అందరూ చచ్చి ఉంటే నన్నెవరికి అప్పగిస్తావు?" అతను జవాబు చెప్పలేదు. అగ్గిపెట్టె తెరిచి, వక్క తీసి తన వైపు పెట్టుకుని, "హఉ (సరే), రేపు ఆడదాం" అని స్కూటర్ తాళాలు తీసుకున్నాడు. వక్క ఇంకా అతని దగ్గరే ఉంది.