గ్రానైట్ కర్మాగారంలో శబ్ద నియంత్రణ: ఒక సేవా ప్యాకేజీపై సమీక్ష

చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ బ్లాకులను కోసి, పాలిష్ చేసి పంపే ఒక మధ్యతరహా కర్మాగారంలో కార్మికుల భద్రత బాధ్యత నాది. చెన్నైకి చెందిన ఒక సంస్థ నుంచి మేము తీసుకున్న శబ్ద నియంత్రణ ప్యాకేజీ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ప్రకాశం జిల్లాలోని చాలా యూనిట్ల యజమానులు ఇప్పుడు ఇదే ప్రశ్న అడుగుతున్నారు: యంత్రాల చప్పుడు తగ్గించడానికి లక్షలు పెట్టాలా, లేక అందరికీ చెవి ప్లగ్గులిచ్చి ఏడాదికోసారి వినికిడి పరీక్ష చేయిస్తే చాలా? మా కొలతలు, బిల్లులు చూశాక నాకు స్పష్టమైన అభిప్రాయం ఏర్పడింది.

ప్యాకేజీలో మొదటిది శబ్ద సర్వే. ఈ పని వారు శ్రద్ధగా చేశారు. మీటరును ఒక మూల పెట్టి వెళ్లిపోకుండా, ఆపరేటర్ల భుజానికి డోసిమీటర్లు (ఒంటికి తగిలించుకునే శబ్ద మీటర్లు) తగిలించి షిఫ్టు మొత్తం కొలిచారు. శ్లాబులను గుండ్రటి బ్లేడుతో కోసే బ్రిడ్జ్ కట్టర్ ఆపరేటరు దగ్గర 102 డెసిబెల్లు నమోదైంది. మన దేశంలో ఫ్యాక్టరీలకు అనుసరిస్తున్న పరిమితి 8 గంటలకు 90 డెసిబెల్లు. ప్రతి 5 డెసిబెల్లు పెరిగినప్పుడల్లా అనుమతించే సమయం సగమవుతుంది. అంటే 102 దగ్గర మనిషి నిలబడగలిగేది గంటన్నర మాత్రమే, మా ఆపరేటర్లు నిలబడుతున్నది పూర్తి షిఫ్టు. శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం 1987 సవరణతోనే ఫ్యాక్టరీల చట్టంలో తప్పక తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో చేరింది. అయినా మన యూనిట్లలో చేతులు తెగితే రిజిస్టరులో రాస్తారు గానీ, చెవులు పోతే ఎవరూ రాయరు.

రెండో భాగమైన సైలెంట్ బ్లేడ్లే ఈ ప్యాకేజీలో నాకు అన్నిటికన్నా నచ్చినవి. రెండు ఉక్కు రేకుల మధ్య రాగి పొర ఉండే ఈ బ్లేడు, రాయిని కోసేటప్పుడు మామూలు బ్లేడులా గంట కొట్టినట్టు మోగదు. అదే యంత్రంలో, అదే మందం శ్లాబు మీద కొలిస్తే 102 నుంచి 95కి తగ్గింది. ధర మామూలు బ్లేడు కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ. ఎలాగూ అరిగిపోయే సరుకు కాబట్టి అదనంగా మోయాల్సింది ఆ తేడా ఒక్కటే. పని ఆపి యంత్రంలో మార్పులు చేయాల్సిన అవసరం లేదు. లోపాలూ ఉన్నాయి. నీళ్లు సరిగ్గా పడకపోతే బ్లేడు త్వరగా పాడవుతుంది. బ్లేడు అంచున రాయిని కోసే ముక్కలు, అంటే సెగ్మెంట్లు, అరిగాక మళ్లీ వేయించుకునే సౌకర్యం మాకు సరఫరా చేసినవారు ఇవ్వలేదు. నీటి పైపులు సరిచూసుకోకుండా ఈ బ్లేడ్లు కొనవద్దని చెబుతాను.

కంప్రెసర్‌ను షెడ్డు బయటికి మార్చి, చుట్టూ ఇటుక గోడ కట్టించి, కింద రబ్బరు దిమ్మెలు వేయించడానికి సుమారు లక్షా నలభై వేల రూపాయలైంది. పాలిషింగ్ లైను దగ్గర పనిచేసేవారికి వచ్చిన ఊరటను చూస్తే అది సరైన ఖర్చే. పెద్ద కట్టర్ చుట్టూ గది కట్టాలన్న ప్రతిపాదనను మాత్రం తిరస్కరించాము. బ్లాకులను పైనుంచి గ్యాంట్రీ క్రేనుతో దించాలి కనుక పైకప్పు తెరిచి ఉంచక తప్పదు. అలా తెరిచి ఉంచిన గదికి ఆరు లక్షలు పెట్టడం వృథా.

ఇక చెవి రక్షణ సామగ్రి. వారిచ్చిన ఫోమ్ ప్లగ్గుల పెట్టె మీద 29 డెసిబెల్ల తగ్గింపు అని ఉంది. అది ప్రయోగశాలలో వచ్చిన అంకె. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా వాడే జాగ్రత్త లెక్కలో అందులోంచి 7 తీసి, మిగిలినదాన్ని సగం చేస్తారు, మిగిలేది 11. పాత బ్లేడుతో 102లోంచి 11 పోతే 91, అంటే ప్లగ్గు పెట్టుకున్నా పరిమితి దాటినట్టే. సైలెంట్ బ్లేడుతో 95లోంచి 11 పోతే 84. ఈ ఒక్క కూడిక తీసివేతతోనే మా యాజమాన్యం ఒప్పుకుంది.

ఫోమ్ ప్లగ్గును వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి వెనక్కి లాగి, లోపల పెట్టి అది ఉబ్బేదాకా పట్టుకోవాలి. రాతి బురద అంటిన చేతులతో ఇది సాధ్యం కాదు. అందుకే నలపకుండా నేరుగా తోసుకునే, తాడు ఉన్న ప్లగ్గులు తెప్పించాము. మా పనికి అవే మేలు. చెవులను బయటినుంచి పూర్తిగా కప్పే ఇయర్‌మఫ్‌లు చలికాలంలో బాగానే ఉన్నాయి గానీ, రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద వాటిని షిఫ్టంతా పెట్టుకోమనడం న్యాయం కాదు. చెమట పట్టి తీసేస్తారు, ఆ తీసిన సమయమే మొత్తం రక్షణను తినేస్తుంది. 30 డెసిబెల్లు తగ్గించే మఫ్‌ను ఎనిమిది గంటల్లో ఒక్క అరగంట తీసి ఉంచినా, శబ్దశక్తి లెక్క ప్రకారం నికరంగా దక్కేది 12 డెసిబెల్లే.

ప్లగ్గులు చౌక అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. మా నలభై మందికి రోజుకో జత, జత ఎనిమిది రూపాయల చొప్పున, మూడు వందల పనిదినాలకు తొంభై ఆరు వేలవుతుంది. ఇది ప్రతి ఏడూ వచ్చే ఖర్చు. కంప్రెసర్ గోడ ఒక్కసారి కడితే చాలు. అమెరికాలో 1983 నుంచి, రక్షణ కార్యక్రమం సమర్థంగా ఉండి అది యంత్ర మార్పుల కంటే చౌకైతే, సుమారు 100 డెసిబెల్ల లోపు యంత్ర మార్పుల కోసం పట్టుబట్టకుండా ఊరుకునే పద్ధతి నడుస్తోంది. 2010లో దాన్ని మార్చబోయి, ఖర్చు మీద అభ్యంతరాలు రావడంతో 2011 జనవరిలో విరమించుకున్నారు. ఆ లెక్క మన వాతావరణానికి సరిపోదని నా నమ్మకం.

వినికిడి పరీక్షల విషయంలో మాత్రం ఈ సంస్థ నన్ను తీవ్రంగా నిరాశపరిచింది. షిఫ్టు ముగిసిన వెంటనే, గేటు పక్కనే వ్యాను నిలిపి పరీక్షలు మొదలుపెట్టారు. చప్పుడులోంచి అప్పుడే వచ్చినవారి చెవి తాత్కాలికంగా మందగించి ఉంటుంది. మొదటి పరీక్షకు ముందు కనీసం 14 గంటలు చప్పుడుకు దూరంగా ఉండాలి. శబ్దం వల్ల వచ్చే నష్టం ముందుగా 4000 హెర్ట్జ్ పరిసరాల్లో కనిపిస్తుంది, మామూలు మాటలు వినడంలో తేడా తెలిసేసరికి చాలా ఆలస్యమవుతుంది. అందువల్ల ఆ మొదటి రికార్డు తప్పయితే తర్వాతి సంవత్సరాల పోలికలన్నీ తప్పే. గట్టిగా అడిగిన తర్వాత, సెలవు మరుసటి ఉదయం షిఫ్టుకు ముందు, కర్మాగారానికి దూరంగా మళ్లీ ఉచితంగా చేశారు. నివేదికలు మాత్రం ఇంగ్లీషులోనే ఇచ్చారు; ఎవరి చెవి ఎలా ఉందో వారికి తెలుగులోనో, ఒడిశా నుంచి వచ్చినవారికి ఒడియాలోనో చెప్పే ఏర్పాటు చేయలేదు.

సర్వేకు, బ్లేడ్ల ఎంపికకు ఈ సంస్థను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను; పరీక్షలకు చేయను. గుండ్లపల్లి, చీమకుర్తి ప్రాంతాల్లో ఇరవై ముప్పై మందితో నడిచే యూనిట్లవారు మొత్తం ప్యాకేజీ కొననక్కరలేదు. సర్వే విడిగా చేయించుకుని, బ్రిడ్జ్ కట్టర్‌కు, ఎడ్జ్ కట్టర్లకు సైలెంట్ బ్లేడ్లు వేసి, మిగిలిన చప్పుడుకు తాడు ప్లగ్గులు ఇవ్వండి. వినికిడి పరీక్షను ఒంగోలులోని ఏదైనా చెవి వైద్యుని దగ్గర నిశ్శబ్దమైన గదిలో చేయించండి. ప్యాకేజీయే తీసుకునేట్లయితే, పరీక్షల సమయం, స్థలం, నివేదిక భాష అనే మూడింటినీ ఆర్డరు కాగితంలోనే రాయించుకుని, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.